డల్లాస్ నుండి కాలిఫోర్నియాకు రైలులో వెళ్ళవచ్చా? అమెరికాలో దూరప్రయాణపు రైళ్ళు ఎందుకు ఇంత తక్కువ?

ప్రశ్న
రాసినవారు: సాంఘికశాస్త్రం మాష్టారు, తిరుపతి

సభ్యులందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. వచ్చే సెప్టెంబరులో నేనూ నా శ్రీమతీ డల్లాస్ దగ్గర ఉంటున్న మా పెద్దమ్మాయి ఇంటికి వెళుతున్నాము. అక్కడ కొన్నాళ్ళు ఉన్న తరువాత శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఉన్న మా మేనల్లుడి ఇంటికి వెళ్ళవలసి ఉన్నది. విమానంలో అయితే నాలుగు గంటల పని అని మా అల్లుడు అంటున్నాడు, టికెట్లు తీయడానికి కూడా సిద్ధంగా ఉన్నాడు. నాకు మాత్రం ఆ దారంతా రైలులో వెళుతూ చూడాలని బలమైన కోరిక. మిసిసిపీ నదినీ, మధ్య మైదానాలనూ, రాకీ పర్వతాలనూ ఏళ్ళ తరబడి గోడపటం మీద చూపించి పాఠం చెప్పినవాడిని. తీరా అక్కడికి వెళ్ళాక వాటి మీదుగా ఎగిరిపోవడానికి మనసు ఒప్పడం లేదు.

విచారించిన కొద్దీ నాకు ఆశ్చర్యమే కలుగుతున్నది. 1869 మే 10న యూటాలోని ప్రామంటరీ దగ్గర తూర్పు పట్టాలనూ పడమటి పట్టాలనూ కలిపి, ఖండాన్ని దాటే రైలుమార్గాన్ని పూర్తి చేసిన దేశం అది. ఆ దేశంలో నేడు చికాగో నుండి శాన్‌ఫ్రాన్సిస్కో వైపు రోజుకు ఒకే ఒక్క ప్రయాణికుల రైలు నడుస్తున్నదట. హ్యూస్టన్ అంతటి మహానగరానికి వారంలో మూడు రోజులే రైలు వస్తుందట. మన తిరుపతి స్టేషన్‌లో ఒక సాయంత్రం నిలబడితే పద్మావతి, నారాయణాద్రి, రాయలసీమ అంటూ వరుసగా రైళ్ళు బయలుదేరుతూనే ఉంటాయి. అంత సంపన్న దేశంలో ఈ పరిస్థితి ఎందుకు వచ్చింది? ప్రజలకు అక్కరలేకపోయిందా, ప్రభుత్వమే పట్టించుకోలేదా?

అరవై అయిదు దాటిన దంపతులం, శాకాహారులం, పైగా మా శ్రీమతికి మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. మావంటివారికి ఆ ప్రయాణం సాధ్యమేనా అన్నది కూడా తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం
రాసినవారు: పాకాల జంక్షన్

మాష్టారికి నమస్కారం. గుంతకల్లు డివిజన్‌లో స్టేషన్ మాస్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మా అబ్బాయి అమెరికాలో ఉండడం వలన అక్కడి రైల్వేల గురించి చాలాకాలంగా శ్రద్ధగా చదువుతూ వస్తున్నాను, వెళ్ళినప్పుడు చూస్తున్నాను కూడా. మీ మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంతవరకు చెబుతాను. ప్రయాణపు వసతుల గురించి అక్కడ ఉండేవారు చెబితే బాగుంటుంది.

అన్నిటికంటే ముందు గ్రహించవలసింది పట్టాలు ఎవరివన్న విషయం. ఆమ్‌ట్రాక్ అనే సంస్థ దేశమంతటా ప్రయాణికుల రైళ్ళు నడుపుతుంది గాని, దాని సొంత పట్టాలు చాలా తక్కువ. బోస్టన్ నుండి న్యూయార్క్ మీదుగా వాషింగ్టన్ వరకు ఉన్న సుమారు 735 కిలోమీటర్ల మార్గంలో ఎక్కువ భాగం దాని చేతిలో ఉన్నది. మిగిలిన దేశంలో దాదాపు అంతటా బీఎన్ఎస్ఎఫ్, యూనియన్ పసిఫిక్, సీఎస్ఎక్స్, నార్ఫోక్ సదరన్ వంటి సరుకు రవాణా కంపెనీల పట్టాల మీదనే నడవాలి. ఆ కంపెనీలకు గూడ్సు రైళ్ళే జీవనాధారం. ప్రయాణికుల రైలు వాటికి, ఇంటివాళ్ళ వంట అయ్యేదాకా పొయ్యి కోసం కాచుకొని ఉండవలసిన అద్దెదారు వంటిది.

మన తిరుపతి–పాకాల–కాట్పాడి మార్గం మీకు తెలిసినదే కాబట్టి దానితోనే వివరిస్తాను. ఆ 104 కిలోమీటర్లూ సింగిల్ లైను. రెండవ లైను వేయడానికి 1,332 కోట్ల రూపాయలతో కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. సింగిల్ లైనులో రెండు రైళ్ళు ఎదురుపడితే ఒకదానిని స్టేషన్‌లో పక్కన ఉండే పట్టా మీదికి, అంటే లూప్ లైనులోకి, తీసుకొని నిలబెట్టాలి. మన గూడ్సు రైలు పొడవు సుమారు 700 మీటర్లు, మన లూపులు కూడా ఆ లెక్కకే కడతాము. అందువలన గూడ్సును లూపులో పెట్టి ఎక్స్‌ప్రెస్‌ను నేరుగా పంపించడం, ఏ రైలు ముందు పోవాలో నిర్ణయించే సెక్షన్ కంట్రోలరుకు నిత్యకృత్యం. అమెరికాలో పడమటి మైదానాలలోనూ పర్వతాలలోనూ చాలా మార్గాలు నేటికీ సింగిల్ లైనే. సిబ్బందినీ ఇంజన్లనూ ఆదా చేయడం కోసం కంపెనీలు గూడ్సు రైళ్ళ పొడవును పెంచుకుంటూ పోయాయి. మూడు కిలోమీటర్లు దాటిన రైళ్ళు ఇప్పుడక్కడ అరుదు కాదు. లూపులు మాత్రం పాత కొలతలవే. అంత పొడవైన రైలు లూపులో పట్టదు కాబట్టి, ఎదురుపడినప్పుడు ప్రయాణికుల రైలే లూపులోకి తప్పుకొని ఆ గూడ్సు వెళ్ళిపోయే వరకు నిలబడాలి. ఒక్కసారి అలా వెనుకబడితే ముందు రైళ్ళు ఎదురుపడవలసిన ప్రతి చోటా లెక్క తప్పుతుంది, ఆలస్యం మీద ఆలస్యం పేరుకుంటుంది.

దీనికి చట్టం లేదా అంటే ఉన్నది. గూడ్సు కంటే ప్రయాణికుల రైలుకే ప్రాధాన్యం ఇవ్వాలని 1973లోనే అమెరికా కాంగ్రెసు, అంటే అక్కడి పార్లమెంటు, శాసనం చేసింది. దానిని ఉల్లంఘించిన కంపెనీ మీద దావా వేసే అధికారం మాత్రం న్యాయశాఖకే ఇచ్చారు. ఆ శాఖ 1979లో సదరన్ పసిఫిక్ మీద ఒక దావా వేసింది. ఆ తరువాత 2024లో, న్యూయార్క్–న్యూ ఆర్లీన్స్ మధ్య నడిచే క్రెసెంట్ రైలు ఆలస్యాల విషయంలో, నార్ఫోక్ సదరన్ మీద వేసింది. మధ్యలో నలభై అయిదేళ్ళు. మన దగ్గర పట్టాలూ, రైలూ, గూడ్సూ, కంట్రోలరూ అన్నీ ఒకే సంస్థవి కాబట్టి, ఏ రైలును ముందు పంపాలన్న ప్రశ్న న్యాయస్థానం దాకా వెళ్ళే అవసరమే రాదు.

వేగం గురించి కూడా ఒక అపోహ ఉన్నది. అక్కడి దూరప్రయాణపు రైలు చాలా మార్గాలలో గంటకు 127 కిలోమీటర్ల దాకా పోగలదు. 1946లో చికాగో దగ్గరి నేపర్‌విల్‌లో జరిగిన ఘోర ప్రమాదం తరువాత, ఇంజన్‌లోనే సిగ్నలు కనిపించే పరికరాలో, రైలును దానంతట అదే ఆపే పరికరాలో లేనిచోట అంతకు మించి పోరాదని నిబంధన పెట్టారు. మన ప్రధాన మార్గాలలో అనుమతించే 130 కిలోమీటర్లకు అది దాదాపు సమానం. కనుక కాలమంతా పోయేది నడకలో కాదు, నిలబడడంలో.

ఇక ఈ పరిస్థితి ఎలా వచ్చిందన్నది. 1971కి ముందు ఈ ప్రైవేటు కంపెనీలే ప్రయాణికుల రైళ్ళు కూడా నడిపేవి, వాటిలో కొన్ని ప్రపంచంలోనే మేలైనవిగా పేరు పొందాయి. 1956 చట్టంతో ప్రభుత్వం దేశమంతటా పెద్ద రహదారులు నిర్మించసాగింది. 1958 నుండి జెట్ విమానాలు వచ్చాయి. అయినా చాలా రైళ్ళను తపాలా మోస్తే వచ్చే కిరాయి నిలబెడుతూ వచ్చింది. 1967లో తపాలా శాఖ ఆ ఒప్పందాలను చాలావరకు రద్దు చేయడంతో ఒక్కసారిగా నడుము విరిగింది. 1970లో పెన్ సెంట్రల్ అనే మహా రైల్వే కంపెనీ దివాలా తీసింది. ఆ ఏడాదే చేసిన చట్టం ప్రకారం 1971 మే 1న ఆమ్‌ట్రాక్ మొదలైంది. కంపెనీలు తమ పాత పెట్టెలనూ ప్రయాణికుల బాధ్యతనూ దానికి అప్పగించి, పట్టాలను మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నాయి. ఆ ఒక్క రోజునే దేశంలోని ప్రయాణికుల రైళ్ళలో దాదాపు సగం ఆగిపోయాయి. కనుక ప్రజలు వద్దనుకున్నందువలన ఇలా అయిందని నేను ఒప్పుకోను. రోజుకు ఒక్కటే రైలు ఉండి, అది కూడా అర్ధరాత్రి వచ్చే ఊరిలో ప్రజలకు రైలు కావాలో వద్దో ఎవరు తేల్చగలరు? ఒహాయోలోని క్లీవ్‌లాండ్ నగరానికి దూరప్రయాణపు రైళ్ళన్నీ నడిరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్యనే వస్తాయి. అదే రాష్ట్ర రాజధాని కొలంబస్‌లో, మన తెలుగువారు అంతమంది ఉన్న నగరంలో, 1979 నుండి ఒక్క ప్రయాణికుల రైలు కూడా లేదు.

సమాధానం
రాసినవారు: చిత్తూరు నుండి చికాగోకు

మాష్టారూ, మాది చిత్తూరు. ఇక్కడ ఇల్లినాయ్‌లో చాలా ఏళ్ళుగా ఉంటున్నాము. మా అమ్మానాన్నలను కూడా ఈ రైళ్ళలో తీసుకువెళ్ళిన అనుభవంతో మీ రెండవ ప్రశ్నకు సమాధానం రాస్తున్నాను. సాధ్యమే, తప్పకుండా వెళ్ళండి. అయితే దారిని మాత్రం ఆలోచించి ఎంచుకోవాలి.

డల్లాస్ నుండి కాలిఫోర్నియాలోని శాన్‌ఫ్రాన్సిస్కో వైపు నేరుగా రైలు లేదు. మొత్తం రైలులోనే వెళ్ళాలంటే ఒక దారి, ముందు టెక్సాస్ ఈగల్ అనే రైలు ఎక్కి చికాగో రావడం. అది దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ. చికాగో నుండి కాలిఫోర్నియా జెఫిర్ ఎక్కితే ఎమరీవిల్ వరకు 3,924 కిలోమీటర్లు, రెండు రాత్రులు, సుమారు 52 గంటలు. ఎమరీవిల్ సముద్రపు పాయకు ఇవతలి ఒడ్డున ఉంటుంది. అక్కడి నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు బస్సు ఇస్తారు, లేదా మీ మేనల్లుడే కారులో వచ్చి తీసుకువెళ్ళవచ్చు.

అమ్మగారి మోకాళ్ళను దృష్టిలో పెట్టుకొని నా సలహా ఏమిటంటే, డల్లాస్ నుండి డెన్వర్ దాకా విమానంలో వచ్చి, ఒక రాత్రి అక్కడ బస చేసి, మరునాడు ఉదయం జెఫిర్ ఎక్కండి. ఈ రైలులో చూడవలసినదంతా దాదాపుగా డెన్వర్ తరువాతనే ఉన్నది. రైలు ఊరు దాటగానే కొండ ఎక్కడం మొదలుపెట్టి, 1928లో తెరచిన మాఫట్ సొరంగంలోకి ప్రవేశిస్తుంది. ఆ సొరంగం దాదాపు 10 కిలోమీటర్లు ఉంటుంది. అవతలికి వచ్చాక కొలరాడో నది పక్కనే దిగుతూ సాయంకాలం దాకా మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తారు. అందులో చాలా చోట్ల లోయ ఎంత ఇరుకంటే, నదికీ పట్టాలకూ తప్ప మరి దేనికీ చోటు లేదు, రహదారి కూడా కనిపించదు. రాత్రికి యూటా, తెల్లవారేసరికి నెవడా ఎడారి, పగలు సియెరా నెవడా కొండలలో డానర్ కనుమ. మీరు పాఠం చెప్పిన ఆ పర్వతాలను పగటి వెలుగులోనే చూడగలుగుతారు. ఇలా వెళితే ఒక్క రాత్రి మాత్రమే రైలులో పడుకోవలసి వస్తుంది.

ఆ ఒక్క రాత్రికైనా గది తీసుకోండి. మనవాళ్ళు చాలామంది పొరబడేది ఇక్కడే: ఇక్కడి సాధారణ తరగతిలో బెర్తులు ఉండవు. సీట్లు వెడల్పుగా ఉంటాయి, వెనక్కు వాలుతాయి, కాళ్ళు చాపుకోవడానికి విమానంలో కంటే ఎంతో చోటు ఉంటుంది. కానీ నిద్ర కూర్చునే. పడుకోవాలంటే రూమెట్ అనే చిన్న గది ఉన్నది. ఎదురెదురుగా ఉండే రెండు సీట్లు రాత్రికి కింది బెర్తుగా మారుతాయి, పై నుండి ఇంకొక బెర్తు దిగుతుంది. పై బెర్తు ఎక్కడం కొంచెం కష్టం, అది మీరు తీసుకోక తప్పదు. పడమటి రైళ్ళ పెట్టెలు రెండు అంతస్తులవి, మధ్యలో మెట్లు ఇరుకుగా, మలుపులు తిరిగి ఉంటాయి. కాబట్టి కింది అంతస్తులోని రూమెట్ కావాలని ముందుగానే అడగండి. మరుగుదొడ్డి, స్నానాల గది కూడా ఆ అంతస్తులోనే దగ్గరగా ఉంటాయి. భోజనశాల పై అంతస్తులో ఉంటుంది గాని, గది తీసుకున్నవారికి భోజనం టికెట్టులోనే కలిసి ఉంటుంది, అడిగితే పెట్టె సహాయకుడు గదికే తెచ్చి ఇస్తాడు. పెద్ద స్టేషన్లలో సామాను మోయడానికీ, నడవలేనివారిని చిన్న బండి మీద రైలు దాకా చేర్చడానికీ సహాయకులు ఉంటారు, దానికి రుసుము లేదు.

భోజనం విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. శాకాహారం పేరుకు ఒకటి రెండు రకాలు ఉంటాయి. ఇంట్లో చేసిన పులిహోర, చపాతీలు, పొడులు తీసుకువెళ్ళండి, మీ గదిలో మీ భోజనం తినడానికి ఏ అభ్యంతరమూ లేదు. రేణిగుంటలో కిటికీ దగ్గరకే ఇడ్లీ, వడ వచ్చినట్టుగా ఇక్కడ ఏ స్టేషన్‌లోనూ ఏదీ రాదు.

టికెట్టు ధర స్థిరంగా ఉండదు, గదులు అమ్ముడైన కొద్దీ పెరుగుతుంది. వెయిటింగ్ లిస్టు, ఆర్ఏసీ, తత్కాల్ వంటివి లేవు. ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. గదులు తక్కువ కాబట్టి కొన్ని నెలల ముందే తీసుకోవడం మంచిది. 65 ఏళ్ళు నిండినవారికి చాలా రైళ్ళలో 10 శాతం తగ్గింపు ఉన్నది, అడగడం మరువకండి.

సమాధానం
రాసినవారు: కరకంబాడి రోడ్డు

పైవారు చెప్పినవన్నీ నిజమే. నేను కూడా కొంతకాలం అమెరికాలో రవాణా ప్రణాళికల రంగంలో పనిచేసి తిరుపతికి తిరిగి వచ్చినవాడినే. అయితే ఈ దూరప్రయాణపు రైళ్ళ మీద డబ్బు ఖర్చు చేయడం సరైనదేనా అన్న ప్రశ్నను పక్కన పెట్టకూడదని నా అభిప్రాయం.

2024 ఆర్థిక సంవత్సరంలో ఆమ్‌ట్రాక్ 3.28 కోట్ల ప్రయాణాలతో అప్పటికి తన చరిత్రలోనే కొత్త గరిష్ఠాన్ని చేరుకున్నది. అందులో దూరప్రయాణపు రైళ్ళ వాటా ఎనిమిదో వంతుకు అటూ ఇటూ మాత్రమే. నష్టాలలో మాత్రం వాటి వాటా చాలా పెద్దది. బోస్టన్–వాషింగ్టన్ మార్గం, చికాగో–మిల్వాకీ, లాస్ ఏంజెలెస్–శాన్ డియేగో వంటి చోట్ల రైలు నిజంగా కారుతోనూ విమానంతోనూ పోటీపడగలదు. 2008 చట్టం, బోస్టన్–వాషింగ్టన్ మార్గం మినహా 750 మైళ్ళ లోపు మార్గాల ఖర్చు రాష్ట్రాలు భరించాలని, అంతకు మించిన మార్గాల ఖర్చు కేంద్రం భరించాలని విభజించింది. ఫలితంగా, ఎంతోమందికి ఉపయోగపడే చిన్న మార్గం కోసం రాష్ట్రం జేబు తడుముకుంటుండగా, 52 గంటల ప్రయాణానికి కేంద్రం నిధులు ఇస్తున్నది. మాష్టారు చూడదలచిన కొండలు అద్భుతమైనవే, వారు తప్పక చూడాలి. కానీ ప్రజాధనంతో ముందుగా చేయవలసినది రెండు నగరాల మధ్య రోజుకు పదిసార్లు నడిచే రైలు అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సమాధానం
రాసినవారు: పుత్తూరు వైద్యురాలు, కాన్సాస్

కరకంబాడి రోడ్డు గారూ, మీ వాదనను గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. మా పుట్టినిల్లు పుత్తూరు. ఇప్పుడు పశ్చిమ కాన్సాస్‌లో ఒక చిన్న ఊరిలో వైద్యం చేస్తున్నాను. చికాగో–లాస్ ఏంజెలెస్ మధ్య నడిచే సౌత్‌వెస్ట్ చీఫ్ ఇక్కడి ఊళ్ళ మీదుగా వెళుతుంది. రెండు వైపులా రాత్రివేళే వస్తుంది. అయినా ఆ వేళకు స్టేషన్‌లో మనుషులు ఉంటారు. కారు నడపలేని వృద్ధులు, చూపు మందగించినవారు, చదువులకు వెళ్ళే పిల్లలు, పెద్ద ఆసుపత్రి కోసం కాన్సాస్ సిటీకి బయలుదేరే రోగులు. వారిలో ఎవరూ చికాగో నుండి లాస్ ఏంజెలెస్ దాకా వెళ్ళరు. దూరప్రయాణపు రైలు అంటే ఒక చివర ఎక్కి మరొక చివర దిగే యాత్రికుల బండి అనుకోవడంలోనే పొరపాటు ఉన్నది. అది దారి పొడవునా ఉన్న చిన్న ఊళ్ళను ఒకదానితో ఒకటి కలిపే బండి, ఒకే సీటులో ఒక ప్రయాణంలో ఎందరో ఎక్కి దిగుతారు. వెంకటాద్రి ఎక్కినవారందరూ చిత్తూరు నుండి కాచిగూడ దాకా వెళుతున్నారా? పాకాలలో, రాజంపేటలో, కడపలో ఎక్కి దిగేవారిని లెక్కించకపోతే ఆ రైలు విలువ ఎలా తెలుస్తుంది?

మాంటానా రాష్ట్రపు ఉత్తర భాగంలో ఎంపైర్ బిల్డర్ అనే రైలు ఆగే గ్లాస్గో, వుల్ఫ్ పాయింట్ వంటి ఊళ్ళకు దగ్గరలో పెద్ద జాతీయ రహదారి లేదు. చలికాలంలో మంచు తుఫాను వస్తే ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. అటువంటి చోట నష్టం అనే పదాన్ని ఒక్క రైలుకే ఎందుకు వాడుతున్నామో నాకు అర్థం కాదు. రహదారుల కోసం పెట్రోలు మీద వసూలు చేసే కేంద్ర పన్ను 1993 నుండి గ్యాలనుకు 18.4 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. అది చాలక 2008 నుండి సాధారణ ఖజానా సొమ్మును రహదారుల నిధికి మళ్ళిస్తూనే ఉన్నారు. దానిని ఎవరూ రహదారి నష్టం అనరు.

2018లో మా మార్గంలోనే కొంత దూరం రైలు తీసివేసి బస్సు నడపాలన్న ఆలోచన చేశారు. కాన్సాస్, కొలరాడో, న్యూ మెక్సికో ప్రతినిధులు పార్టీలకు అతీతంగా కాంగ్రెసులో గట్టిగా నిలబడడం వలన అది ఆగింది. 2020 అక్టోబరులో కరోనా సమయాన చాలా దూరప్రయాణపు రైళ్ళను వారానికి మూడు రోజులకు తగ్గించినప్పుడు ఇక్కడివారు పడిన ఇబ్బంది నేను కళ్ళారా చూశాను. సోమవారం వైద్యానికి వెళ్ళవలసిన మనిషికి బుధవారం రైలు ఉన్నదని చెప్పడం వలన ఏమి ప్రయోజనం? 2021లో కాంగ్రెసు నిధులు ఇచ్చాకే అవి మళ్ళీ రోజూ నడవసాగాయి.

సమాధానం
రాసినవారు: పాకాల జంక్షన్

కరకంబాడి రోడ్డు గారూ, డాక్టరమ్మ గారూ చెప్పిన రెండు మాటలూ ఒకదానికొకటి విరుద్ధం కాదని ఒక రైల్వే ఉద్యోగిగా నేను చెప్పగలను. ఒక మార్గంలో రైలు ఆగిపోతే ఆ మార్గం మీద నడిచే వెసులుబాటు కూడా చేజారుతుంది. దానిని తిరిగి సంపాదించడం ఎంత కష్టమో చూడండి. 2005లో కత్రినా తుఫానుకు న్యూ ఆర్లీన్స్ తూర్పున రైలు ఆగిపోయింది. పట్టాలు కొన్ని నెలలకే బాగయ్యాయి, గూడ్సు రైళ్ళు తిరిగాయి. ప్రయాణికుల రైలు మాత్రం, అదీ న్యూ ఆర్లీన్స్ నుండి మొబీల్ వరకు మాత్రమే, 2025 ఆగస్టులో గాని తిరిగి రాలేదు. మధ్యలో సరుకు కంపెనీలతో, రైల్వే తగాదాలు విచారించే కేంద్ర రవాణా బోర్డు ఎదుట సుదీర్ఘమైన వ్యాజ్యం నడిచింది. దీనికి భిన్నంగా, చికాగో నుండి సెయింట్ పాల్ వరకు ఎంపైర్ బిల్డర్ రోజూ నడుస్తూనే ఉన్న మార్గంలో, 2024 మే నెలలో బోరియాలిస్ అనే రెండవ రైలును ప్రవేశపెట్టగలిగారు, దానికి మొదటి నుండే ఆదరణ లభించింది. రోజుకు పదిసార్లు నడిచే రైలు కావాలన్నా, ముందు ఆ ఒక్క రైలును బతికించుకోవాలి.

నన్ను ఎక్కువగా బాధించేది పెట్టెల స్థితి. మాష్టారు ఎక్కబోయే రెండంతస్తుల సూపర్‌లైనర్ పెట్టెలలో పాతవి 1979లో సేవలోకి వచ్చినవి, కొత్తవి 1990ల నాటివి. మొదటి విడత కట్టిన పుల్‌మన్ కంపెనీ, ఒకప్పుడు ప్రపంచానికే పెట్టెలు కట్టిన కంపెనీ, ఆ ఆర్డరుతోనే ప్రయాణికుల పెట్టెల తయారీ మానివేసింది. ఇరవై ముప్ఫై ఏళ్ళకు ఒకసారి ఆర్డరు వస్తే ఏ కర్మాగారం మాత్రం నైపుణ్యాన్ని నిలుపుకుంటుంది? మనకు రైలు ఎక్కితే మూడు గంటల దూరంలో పెరంబూరులో 1955 నుండి ఏటా ఆగకుండా పెట్టెలు తయారవుతున్నాయి, అందుకే పాతవాటి స్థానంలో కొత్తవి వస్తూ ఉంటాయి. 2021 నాటి మౌలిక వసతుల చట్టం అమెరికా రైళ్ళకు 6,600 కోట్ల డాలర్లు ఇచ్చింది, అందులో 2,200 కోట్లు నేరుగా ఆమ్‌ట్రాక్‌కు. కొత్త ఇంజన్లు 2022 నుండి వస్తున్నాయి. పడమటి రైళ్ళకు కొత్త పెట్టెలు రావడానికి మాత్రం ఇంకా ఏళ్ళు పడుతుంది.

తిరిగి ప్రశ్న
రాసినవారు: సాంఘికశాస్త్రం మాష్టారు, తిరుపతి

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఇంత ఓపికగా వివరిస్తారని ఊహించలేదు. డెన్వర్ నుండి ఎమరీవిల్ వరకు వెళ్ళడానికే నిశ్చయించుకున్నాము. మా శ్రీమతి కూడా ఒక్క రాత్రే అనేసరికి సంతోషంగా ఒప్పుకున్నారు. ఇక రెండు సందేహాలు మిగిలాయి. రైలు ఆలస్యమైతే మా మేనల్లుడు ఎమరీవిల్‌లో ఎంతసేపు ఎదురుచూడవలసి వస్తుంది? డల్లాస్ నుండి శాన్‌ఫ్రాన్సిస్కో వైపు నేరుగా రైలు పెట్టే ఆలోచన ఎవరికైనా ఉన్నదా?

సమాధానం
రాసినవారు: చిత్తూరు నుండి చికాగోకు

మాష్టారూ, రెండవదానికి ముందు చెబుతాను. ఉన్నది. కాంగ్రెసు ఆదేశం మేరకు కేంద్ర రైలు పాలనా విభాగం దూరప్రయాణపు మార్గాల మీద అధ్యయనం చేసి, 2025 జనవరిలో నివేదిక సమర్పించింది. అందులో ప్రతిపాదించిన 15 కొత్త మార్గాలలో శాన్‌ఫ్రాన్సిస్కో–డల్లాస్ ఒకటి. అయితే అది ప్రతిపాదన మాత్రమే, దానికి నిధులు కేటాయించలేదు. మీ మనవలు ఎక్కుతారేమో గాని, వచ్చే సెప్టెంబరుకు మాత్రం లేదు.

మొదటి సందేహానికి: రైలు సాయంత్రం చేరవలసి ఉంటుంది, ఆలస్యమైతే రాత్రి అవుతుంది. ఒక్కొక్కసారి గంట, ఒక్కొక్కసారి నాలుగైదు గంటలు. రైలు ఎక్కడ ఉన్నదో ఆమ్‌ట్రాక్ పటంలో ఎప్పటికప్పుడు కనిపిస్తుంది కాబట్టి, శాక్రమెంటో దాటాక బయలుదేరితే సరిపోతుందని మీ మేనల్లుడికి చెప్పండి. డెన్వర్‌లో కూడా ఇదే జాగ్రత్త అవసరం. ఆ రైలు చికాగో నుండి రాత్రంతా నడిచి వస్తుంది, కనుక హోటలు వదిలే ముందు అది ఎక్కడి దాకా వచ్చిందో చూసుకోండి. తిరుగు ప్రయాణపు విమానాన్ని మాత్రం రైలు దిగే రోజున పెట్టుకోవద్దు, కనీసం ఒక రోజు తేడా ఉంచుకోండి. గది ఖాయం కాగానే ఇక్కడే రాయండి, డెన్వర్‌లో స్టేషన్‌కు నడిచి వెళ్ళగలిగే బసల వివరాలు పంపిస్తాను.